నూటికి తొంభై ఒక్క మార్కులొచ్చిన రైతు నష్టాల్లో ఎందుకున్నాడు?

ప్రశ్న: అయ్యా, నేను ఒక రైతుల సంఘంలో ఫీల్డ్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. మా సభ్యులు 86 మంది. రెండేళ్లుగా వాళ్లకి వ్యాపార శిక్షణ ఇస్తున్నాం. ఇప్పుడు ఎవరు ఎంత మంచి 'అగ్రి ఎంట్రప్రెన్యూర్' (సాగును వ్యాపారంలా నడిపే రైతు) అయ్యారో కొలిచి, ఒక్కొక్కరికీ నూటికి ఇన్ని మార్కులని వేసి ఇమ్మన్నారు పైవాళ్లు. నలభై వాక్యాలున్న పాత ఫారం ఒకటి చేతిలో పెట్టారు. 'రిస్క్ తీసుకోవడానికి నేను వెనకాడను', 'కొత్త పద్ధతి ఏదొచ్చినా అందరికన్నా ముందు నేనే మొదలుపెడతాను', ఇలా ఉంటాయి. 'పూర్తిగా ఒప్పుకుంటాను' నుంచి 'అస్సలు ఒప్పుకోను' దాకా ఐదు గళ్లు. అందరినీ అడిగేశాను. అరవై మందికి పైగా 75కీ 85కీ మధ్యే ఉన్నారు. అందరికన్నా ఎక్కువగా 91 వచ్చినాయన రెండు సీజన్ల నుంచి నష్టాల్లో ఉన్నాడని అందరికీ తెలుసు. 54 వచ్చిన ఒకావిడేమో అప్పు లేకుండా ఏటా కొంచెం కొంచెం పెరుగుతోంది. ఫారం తప్పా, నేను అడగడం తప్పా? అసలు లాభమెంతో చూసి మార్కులేసేస్తే పోదా? నెలాఖరుకి రిపోర్టు ఇవ్వాలి. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు అడగడంలో తప్పేం లేదమ్మా. ఫారంలోని లెక్క కూడా సరిగ్గానే వచ్చి ఉంటుంది. కాకపోతే అది కొలిచింది వేరే సంగతి. మనిషి తన గురించి తాను ఏమనుకుంటున్నాడో, ఇంకా నిజం చెప్పాలంటే మీ ముందు ఎలా కనబడాలనుకుంటున్నాడో, దాన్ని కొలిచింది. రెండేళ్లు శిక్షణ ఇచ్చిన సంఘం నుంచి వచ్చి, పెన్నూ కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చుని, 'కొత్త పద్ధతులు మొదలుపెడతారా?' అని అడిగితే లేదనేవాళ్లు ఎంతమంది ఉంటారు? మర్యాదకైనా అవునంటారు. అరవై మంది ఒకేచోట గుంపు కట్టడానికి కారణం అదే. 91 ఆయనది ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత వ్యవహారం కావచ్చు, నిజంగానే దెబ్బతిన్న మంచి రైతూ కావచ్చు. ఆ రెంటిలో ఏదో మీ ఫారం చెప్పలేదు.

ఐదు గళ్ల పద్ధతిని 1932లో రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తెచ్చాడు. అది అభిప్రాయాల్ని కొలవడానికి. ఆ పనికి ఇప్పటికీ బాగానే పనికొస్తుంది. మనం ఏం చేశామంటే, అభిప్రాయాలు తూచే త్రాసులో తెచ్చి పనిని పెట్టాం. ముల్లు ఎక్కడో ఒకచోట ఆగుతుంది కదా, ఆ అంకె రాసుకుని వచ్చేశాం.

ఫారం చివర ఎక్కడో 'ఆల్ఫా 0.8' లాంటి మాట ఉంటే దానికి లొంగిపోకండి. 1951లో లీ క్రోన్‌బాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చిన లెక్క అది. 0.7 దాటితే ఫారం బాగుందనుకోవడం ఆనవాయితీ అయింది. అది చెప్పేదల్లా నలభై వాక్యాలూ ఒకే దిక్కుకి లాగుతున్నాయని. ఏ దిక్కుకో చెప్పదు. నలభై వాక్యాలూ కలిసి గొప్పలు చెప్పుకునే గుణాన్నే కొలుస్తున్నా ఆల్ఫా బ్రహ్మాండంగా వస్తుంది! ఇంకో చిన్న పరీక్ష చేసి చూడండి. మీ ఫారంలో తిరగేసి రాసిన వాక్యం ఒక్కటైనా ఉందా? అంటే, 'కొత్త పంట వేసేముందు ఇంకొకరు వేసిందాకా ఆగుతాను' లాంటిది. దానికీ, 'అందరికన్నా ముందు నేనే' అన్న వాక్యానికీ రెంటికీ 'పూర్తిగా ఒప్పుకుంటాను' అని గీసినవాళ్లు ఎంతమందో లెక్కపెడితే, ఎంతమంది తలూపేశారో తెలిసిపోతుంది.

రిస్క్ వాక్యం దగ్గర కాసేపు ఆగుతాను. ఆ ఒక్క వాక్యమే సగం కొంప ముంచి ఉంటుందని నా అనుమానం. మీ ఫారం ప్రకారం రిస్క్ ఎంత ఎక్కువ తీసుకుంటే అన్ని ఎక్కువ మార్కులు. మరి రిస్క్‌ను ఇలా తెగింపుగా చూడటం ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు గానీ, ఈ విషయాన్ని మొదట్లో లోతుగా చూసినవాళ్లు అలా అనలేదు. డేవిడ్ మెక్‌క్లెలండ్ అనే ఆయన 1950ల నుంచి, సాధించాలనే తపన ఉన్నవాళ్లు ఎలా ప్రవర్తిస్తారో పరిశీలించాడు. రింగులు విసిరి మేకుకు తగిలించే ఆట ఉంటుంది కదా, అది పెట్టి, ఎంత దూరం నుంచైనా విసరొచ్చన్నారు. తపన ఎక్కువున్నవాళ్లు మరీ దగ్గర నుంచీ విసరలేదు, మరీ దూరం నుంచీ విసరలేదు. కష్టపడితే తగులుతుందన్న మధ్యస్థ దూరం ఎంచుకున్నారు. మీ 54 మార్కుల ఆవిడ 'రిస్క్‌కి వెనకాడను' దగ్గర మధ్య గడిలో టిక్ పెట్టి ఉంటుంది. అది మార్కు తక్కువ జవాబు కాదు, సరైన జవాబు. మీ ఫారం మాత్రం దానికి సగమే ఇచ్చింది.

అసలు రైతుని ఎంట్రప్రెన్యూర్‌గా 'తయారుచేయడం' అనే మాటే నాకు కొంచెం నవ్వు తెప్పిస్తుంది. అర్థశాస్త్రంలో ఆ మాటను గట్టిగా నిలబెట్టిన రిచర్డ్ కాంటిలన్ 1755లో అచ్చయిన తన రచనలో ఎంట్రప్రెన్యూర్‌కి ఉదాహరణగా చూపించిందే రైతుని. భూస్వామికి ఇంత ఇస్తానని ముందే ఒప్పుకుంటాడు, పంట ఎంతొస్తుందో తెలీదు, ధర ఎంత పలుకుతుందో తెలీదు, అయినా దిగుతాడు. ఖర్చు ఖాయం, రాబడి అనుమానం. ఆ మధ్యలో నిలబడేవాడే ఎంట్రప్రెన్యూర్ అన్నాడాయన. అంటే మీ 86 మందీ ఇప్పటికే ఎంట్రప్రెన్యూర్లు. అవునా కాదా అని అడగాల్సిన పని లేదు. ఆ అనుమానాన్ని ఎలా ఎదుర్కొంటున్నారు, ఏం ఆలోచించి ఏ నిర్ణయం తీసుకుంటున్నారు? మీరు కొలవాల్సింది ఆ నిర్ణయాల్ని.

ఇక లాభం చూసి మార్కులేసేస్తే పోదా అన్నారు. పోదు. కానీ లాభం చూడకుండా వదిలేయడమూ కుదరదు. ఎందుకో ఒక లెక్కలో చూపిస్తాను. ఇద్దరు రైతుల అమ్మకాలు చెరో వంద అనుకుందాం. మొదటాయన అన్నీ కూలికి చేయించి 70 ఖర్చు పెట్టాడు, 30 మిగిలింది. రెండో ఆయన చేతి నుంచి పెట్టింది 45 మాత్రమే, 55 మిగిలింది. ఎవరు గొప్ప? తొందరపడకండి. రెండో ఇంట్లో భార్యాభర్తలు, ఎదిగిన కొడుకు, ముగ్గురూ సీజనంతా పొలంలోనే ఉన్నారు. అదే పని బయట చేస్తే వచ్చే కూలి 35. ఇద్దరివీ సొంత భూములే, కౌలుకిస్తే చెరో 15 వచ్చేది. మొదటాయన సొంత పని విలువ 5. ఇవన్నీ తీసేస్తే మొదటాయనకి 10, రెండో ఆయనకి 5. వరస తిరగబడింది. (ఇంట్లోవాళ్ల కూలిని పూర్తి రేటుకి కట్టడం కూడా ఒక్కోసారి అన్యాయమే. ఆ రోజుల్లో బయట పనే దొరకకపోతే 35 ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే రెండు లెక్కలూ పక్కపక్కన రాసుకోండి, ఒకటే నిజమని వాదించకండి.)

ఈ లెక్కంతా చేశాక కూడా ఒక్క సీజన్ లాభంలో అదృష్టం వాటా ఎంతో విడిగా కనబడదు. కోత వారంలో వాన పడకపోవడం, పక్క ప్రాంతంలో పంట పోవడం వల్ల ధర లేవడం లాంటివి రైతు గొప్పతనం కావు. ఈ ఏడాది మొదటి స్థానంలో ఉన్నవాళ్లు వచ్చే ఏడాది సగటు వైపు జారడం చాలాచోట్ల చూస్తాం. బద్ధకించారని కాదు, ఈసారి కలిసొచ్చింది వచ్చేసారి కలిసిరాకపోవచ్చు. అందుకే మూడేళ్లు చూడండి. ఆ మూడేళ్లూ తోటివాళ్ల పక్కన పెట్టి చూడండి. అదే పంట, అదే తరహా నేల, అదే నీటి వసతి ఉన్న ఐదారుగురిని ఒక గుంపుగా పెట్టుకుని, ఆ గుంపు మధ్య మనిషికి ఈయన ఎంత పైన ఉన్నాడు, ఎంత కింద ఉన్నాడు అని రాయండి. ధర పడిపోయిన ఏడు అందరూ పడతారు. తక్కువ పడ్డవాడెవరో అప్పుడే తెలుస్తుంది. మీ 91 ఆయన రెండు సీజన్ల నష్టం కూడా అలా చూశాకే తప్పో ఒప్పో చెప్పగలం. ఆయన గుంపంతా మునిగి, ఆయన సగమే మునిగి ఉంటే?

లాభం అడిగే పద్ధతి గురించి ఒక మాట. శ్రీలంకలో చిన్న వ్యాపారుల మీద చేసి 2009లో అచ్చువేసిన ఒక పరిశోధనలో, వ్యాపారులు అమ్మకాల్ని సుమారు 30 శాతం తక్కువ చేసి చెబుతున్నారని తేలింది. అమ్మకాలు, ఖర్చులు అంశం అంశంగా అడిగి తీసివేసి చూసేకన్నా 'ఖర్చులన్నీ పోను ఎంత మిగిలింది?' అని నేరుగా అడిగితేనే నిజానికి దగ్గరగా వచ్చిందట. వ్యవసాయంలో డబ్బు ఒక్కసారిగా వస్తుంది, సగం అప్పు కింద మినహాయించుకునే ఇస్తారు కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తేలేం. రెండూ అడగండి. రెండు జవాబులకీ పొంతన లేకపోతే మళ్లీ కూర్చుని మాట్లాడండి. విస్తీర్ణం మాత్రం నోటి మాట మీద రాసుకోకండి. ఉగాండాలో జీపీఎస్‌తో కొలిచి చూస్తే చిన్న కమతాలవాళ్లు ఉన్నదానికన్నా ఎక్కువా, పెద్ద కమతాలవాళ్లు తక్కువా చెప్పినట్టు బయటపడింది. అబద్ధం ఆడాలని కాదు, గట్లు వంకరగా ఉంటాయి, అందరూ ఉజ్జాయింపుగానే చెబుతారు. కానీ ఎకరానికి ఇంత దిగుబడి అని భాగించేటప్పుడు కింది అంకె తప్పితే ఫలితమంతా తప్పుతుంది. మీ ఫోన్‌లోనే పొలం చుట్టూ తిరిగి కొలిచే యాప్ వేసుకోవచ్చు. చిన్న మడుల్లో కొంచెం తేడా వస్తుంది, నోటి లెక్క కన్నా నయం.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇలాంటి ఫారమే సంకలో పెట్టుకుని తిరిగాను. అందులో 'డ్రిప్ ఉందా?' అని ఒక ప్రశ్న. ఒకాయన ఉందన్నాడు, ఐదుకి ఐదు వేశాను. పక్క పొలం ఆయన లేదన్నాడు, సున్నా. మూడు నెలల తర్వాత వేరే పని మీద మొదటాయన ఇంటికెళితే, డ్రిప్ పైపులు చుట్టలు చుట్టి పశువుల పాక వెనక పడున్నాయి. కోళ్లు వాటి మీదెక్కి కూర్చున్నాయి. ఎవరో ఉచితంగా ఇస్తే తీసుకున్నాడు, అంతే. నేను అడిగింది ఉందా అని, వాడుతున్నారా అని కాదు కదా! రెండో ఆయన్ని అప్పుడు కదిలిస్తే అసలు కథ బయటపడింది. పావు ఎకరంలో రెండు సీజన్లు డ్రిప్ పెట్టి చూశాడట. ఆయన బావి నీళ్లలో సన్నటి మట్టి ఎక్కువ, రంధ్రాలు పూడుకుపోతున్నాయి. ఫిల్టరు పెట్టించి చూశాడు, దాన్ని రోజూ కడగడానికి మనిషి కావాలి. ఆ మనిషి కూలీ, ఆదా అయ్యే నీళ్లూ లెక్కేసి వద్దనుకుని తీసేశాడు. చిన్న ముక్కలో ప్రయోగం చేసి, లెక్కేసి, నష్టం పెరగకముందే ఆపడం కన్నా ఎంట్రప్రెన్యూర్ లక్షణం ఇంకేం కావాలి? నేను సున్నా వేసింది ఆయనకే.

ఇది నా ఒక్కడి తప్పూ కాదు. కొత్త పద్ధతులు జనంలోకి ఎలా పాకుతాయో 1962లో వివరించి, మొదట అందుకునే 2.5 శాతం మందిని, వాళ్ల వెనకే వచ్చే 13.5 శాతం మందిని విడదీసి చూపించిన ఎవరెట్ రోజర్స్ కూడా, కొత్తదైతే మంచిదే అనుకునే జబ్బు తన రంగంలోనే ఉందని తర్వాత ఒప్పుకున్నాడు. మీ ఫారంలో 'అందరికన్నా ముందు నేనే' అన్న వాక్యం ఆ జబ్బు లక్షణమే. ఆపేసినవాడికి మార్కులిచ్చే ప్రశ్న ఒక్కటైనా లేని ఫారాన్ని నేనిప్పుడు నమ్మను.

మరి ఏం అడగాలి? 'మీరు ఎలాంటివారు?' అని అడగడం మానేసి, 'పోయినసారి ఏం చేశారు?' అని అడగండి. తేడా చిన్నదిగా కనబడుతుంది, జవాబులు మాత్రం పూర్తిగా మారిపోతాయి. పోయిన సీజన్‌లో ఈ పంటే వేయాలని ఎప్పుడు తేల్చుకున్నారు? ఇంకేం వేద్దామనుకుని మానేశారు? అమ్మేముందు ఎంతమందిని ధర అడిగారు, వాళ్లెవరు? మూడేళ్లలో మొదలుపెట్టి ఆపేసింది ఏమిటి, ఎందుకు ఆపారు? ధర సగానికి పడితే ఏం చేద్దామనుకున్నారు? ఆ అనుకోవడం విత్తేముందా, పడిపోయాకా? వీటన్నిటికన్నా నాకు ఇష్టమైన ప్రశ్న ఒకటుంది. 'మీ పొలంలో డబ్బు మిగల్చనిది ఏ మడి?' లెక్క చూసుకునే రైతు వెంటనే చెయ్యి చాపి చూపిస్తాడు. చూసుకోనివాడు 'అన్నీ బాగానే ఉన్నాయండీ' అంటాడు, లేదా 'ఏదీ మిగల్చదండీ' అంటాడు. ఈ రెండూ నా దృష్టిలో ఒకే జవాబు.

కొత్తదనం గురించి అడిగేటప్పుడు విత్తనం, యంత్రం దగ్గరే ఆగిపోకండి. జోసెఫ్ షుంపీటర్ అనే ఆర్థికవేత్త ఐదు రకాల కొత్తదనాలు చెప్పాడు: కొత్త సరుకు, కొత్త పద్ధతి, కొత్త మార్కెట్, ముడిసరుకు కొత్తచోట నుంచి తెచ్చుకోవడం, పనిని కొత్తగా ఏర్పాటు చేసుకోవడం. మన ఫారాలు రెండోదాన్నే పట్టుకుని వేలాడతాయి. నలుగురు కలిసి ఒకే వాహనంలో సరుకు పంపడం మొదలుపెట్టినవాడు చివరి రకం కిందికి వస్తాడు. దానికి మీ నలభై వాక్యాల్లో చోటుందా?

వీటికి తోడు, అవును-కాదు అని తేల్చగలిగే పని అలవాట్ల చిట్టా ఒకటి పెట్టుకోండి. చిన్న వ్యాపారాల మీద ఏడు దేశాల్లో వాడిన చిట్టా ఒకటుంది, అందులో 26 అలవాట్లు. అమ్మకం, సరుకు నిల్వ, లెక్కలు రాయడం, డబ్బు ప్రణాళిక గురించి. పోటీవాళ్ల ధర కనుక్కున్నారా, లెక్క రాస్తారా, వచ్చే ఏడాదికి ఇంత అని లక్ష్యం పెట్టుకున్నారా, ఆ తరహా ప్రశ్నలు. ఎక్కువ అలవాట్లున్న వ్యాపారాలకి అమ్మకాలూ లాభాలూ ఎక్కువగా ఉన్నాయని తేలింది. అంగళ్ల కోసం రాసిన దాన్ని పొలానికి మీరే మార్చుకోవాలి. పది పన్నెండు చాలు. మార్కులు ఇలా వేయండి: ఏమీ చెప్పలేకపోతే సున్నా, ఫలానా రోజు ఫలానాది అని సంఘటనతో చెబితే ఒకటి, దానికి ఏదైనా కంటికి కనబడితే రెండు. కంటికి కనబడేదంటే పెద్ద రిజిస్టరే అక్కర్లేదు. తూకం చీటీ, ఫోన్‌లో వ్యాపారికి పెట్టిన మెసేజి, గోడ మీద బొగ్గుతో రాసిన అంకెలైనా సరే.

మీ 54 మార్కుల ఆవిడ గురించి మీరు రెండో ఉత్తరంలో రాసిన సంగతి ఇక్కడే పనికొస్తుంది. క్యాలెండరులో ఏ రోజు ఎన్ని క్రేట్లు టమాటా వెళ్లాయో, వ్యాపారి ఎన్ని క్రేట్లు వెనక్కి తోశాడో, తేదీ గడిలో చిన్న అంకెలతో రాసుకుంటుందన్నారు. వెనక్కి వచ్చిన అంకె చుట్టూ సున్నా చుడుతుందన్నారు. ఆ సున్నాలు వారంలో ఒకే రోజు ఎక్కువగా పడుతున్నాయని గమనించి ఆ రోజు కోత మానేసిందని కూడా రాశారు. అక్షరం రాకపోయినా అంకె వచ్చు. మీ ఫారంలో 'లెక్కల పుస్తకం నిర్వహిస్తాను' అన్న వాక్యానికి ఆవిడ లేదని చెప్పి ఉంటుంది. ఎందుకంటే ఆవిడ దృష్టిలో అది పుస్తకం కాదు, క్యాలెండరు.

ఆ ఇంట్లో మార్కులు ఎవరి పేరు మీద వేశారో కూడా ఒకసారి చూసుకోండి. చాలా సంఘాల్లో సభ్యత్వం ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది. ఏ పంట వేయాలో ఎవరు చెప్పారు, అమ్మిన డబ్బు ఎవరి చేతికొచ్చింది, అప్పు కాగితం మీద సంతకం ఎవరిది, ఈ మూడూ విడివిడిగా అడగండి. వ్యవసాయంలో ఆడవాళ్ల నిర్ణయాధికారాన్ని కొలవడానికి 2012లో వచ్చిన సూచీ ఒకటి ఉత్పత్తి, వనరులు, ఆదాయం, నాయకత్వం, సమయం అని ఐదు వైపుల నుంచి చూస్తుంది. అందులో ఆ చివరిదాన్ని, సమయాన్ని, మన ఫారాలు అసలు పట్టించుకోవు. పొలం నుంచి రాగానే వంట, పిల్లలు అంటూ పరిగెత్తే మనిషి 'వ్యాపార సమావేశాలకు క్రమం తప్పకుండా హాజరవుతాను' దగ్గర మార్కులు పోగొట్టుకుంటే, పోయింది ఆవిడ తెలివి కాదు, తీరిక.

ఇక అంకెలన్నీ కలిపి నూటికి ఇన్ని అని చేసే పని. నా మాట వింటే కలపకండి. మూడు వరసలు పెట్టండి. మొదటిది పని అలవాట్లు, నిర్ణయాలు. రెండోది తోటివాళ్లతో పోల్చిన మూడేళ్ల ఫలితం. మూడోది దెబ్బ తట్టుకునే బలం: ఆస్తికి అప్పు ఎంత, కొనేవాళ్లు ఒక్కరేనా నలుగురున్నారా, పంట పోతే ఎన్ని నెలలు నెట్టుకు రాగలరు. మూడూ ఒకే దిక్కున ఉన్నవాళ్ల గురించి పెద్దగా ఆలోచించాల్సింది ఏం ఉండదు. అలవాట్లు బాగుండి ఫలితం బాగాలేనివాళ్లు, ఫలితం బాగుండి అలవాట్లు కనబడనివాళ్లు, వీళ్ల దగ్గరకే మళ్లీ వెళ్లాలి. మొదటివాళ్లని దురదృష్టం కొట్టిందా, మీ ప్రశ్నలకి వాళ్లు చక్కగా జవాబులు నేర్చుకున్నారా? రెండోవాళ్లకి మంచి నేల కలిసొచ్చిందా, మీ చిట్టాకి అందని తెలివి ఏదైనా ఉందా? మూడూ కలిపి సగటు తీస్తే, ఈ ఇద్దరూ 65 దగ్గర పక్కపక్కనే కూర్చుంటారు. మీకు ఏమీ తెలీదు.

పైవాళ్లు ఒకే అంకె కావాలని పట్టుబడితే ఇచ్చేయండి, కానీ మూడు వరసలూ దాని పక్కనే ఉంచండి. ఆ అంకెని బట్టి అప్పులు, బహుమతులు ఇవ్వబోతున్నారేమో మాత్రం ముందే కనుక్కోండి. 1975లో చార్లెస్ గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త చెప్పిన మాట ఒకటుంది: దేన్నయినా అదుపు చేయడానికి దాని అంకెని పట్టుకుంటే, ఆ అంకె అప్పటిదాకా చెప్పిన నిజం చెప్పడం మానేస్తుందని. మార్కులకి అప్పు ముడిపెట్టారంటే వచ్చే ఏడాదికి ప్రతి ఇంట్లోనూ కొత్త క్యాలెండరు, అందులో ఒకే పెన్నుతో ఒకే రోజు రాసిన అంకెలు ఉంటాయి.

'శిక్షణ వల్ల ఇంత మెరుగుపడ్డారు' అని మాత్రం రిపోర్టులో రాయకండి. శిక్షణకి వచ్చినవాళ్లు ముందు నుంచే చురుకైనవాళ్లయి ఉండొచ్చు. మొదట్లో ఎలా ఉన్నారో మీరు కొలవలేదు, శిక్షణ లేనివాళ్లని పక్కన పెట్టి చూడలేదు. ఆ మాట చెప్పాలంటే టోగోలో చేసినట్టు చేయాలి. 1,500 మంది చిన్న వ్యాపారుల్ని లాటరీ తీసి మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి మామూలు వ్యాపార శిక్షణ, ఒక గుంపుకి ఎవరో చెప్పేదాకా ఆగకుండా తామే చొరవ తీసుకోవడం నేర్పే శిక్షణ, మూడో గుంపుకి ఏమీ లేదు. చొరవ నేర్చుకున్నవాళ్ల లాభాలు 30 శాతం పెరిగాయి. మామూలు శిక్షణ పొందినవాళ్ల లాభాల్లో గట్టిగా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2017లో అచ్చయింది. మీ సంఘంలో వచ్చే విడత శిక్షణకి సీట్లకన్నా ఎక్కువమంది ముందుకొస్తే, చీటీలు తీసి పంపండి. పోట్లాటలూ తప్పుతాయి, పోల్చడానికి మనుషులూ ఉంటారు.

నెలాఖరు సంగతి. 86 మందినీ ఈ పద్ధతిలో మళ్లీ అడగడం మీవల్ల కాదు, ఒక్కొక్కరికి గంట పడుతుంది. ఇరవై మంది చాలు. కానీ రోడ్డు పక్క ఇళ్లవాళ్లనీ, మీకు బాగా తెలిసినవాళ్లనీ తీసుకోకండి. పాత ఫారంలో ఎక్కువ, మధ్య, తక్కువ వచ్చినవాళ్లని మూడు కుప్పలు చేసి, ప్రతి కుప్ప నుంచీ చీటీ తీయండి. మొదటి ఐదుగురి దగ్గరకి సహోద్యోగిని ఒకర్ని వెంటబెట్టుకెళ్లి, ఒకే మాటలు విని ఇద్దరూ విడివిడిగా మార్కులేసి చూసుకోండి. తేడా ఎక్కువగా ఉంటే ప్రశ్న సరిగ్గా లేదని అర్థం, దాన్ని మార్చండి. రిపోర్టులో ఈ ఇరవై మంది వివరాలు పెట్టి, మిగతా 66 మందివి పాత ఫారం అంకెలని స్పష్టంగా రాయండి. ఈ ఇరవై మందిలో పాత మార్కులకీ కొత్త మార్కులకీ పొంతన ఎంతుందో ఒక పేరాలో చూపిస్తే, పాత ఫారం మీద మీరు వేరే వ్యాసం రాయాల్సిన పనుండదు.

ఇంకొకటి. ఆ క్యాలెండరు పేజీ ఫొటో తీసి రిపోర్టుకి జతచేద్దామనుకుంటున్నానని రాశారు. ముందు ఆవిడ్ని అడగండి. ఆ గళ్లలో ఉన్నది ఆవిడ అమ్మకమంతా. ఏ వ్యాపారి సరుకు ఎంత వెనక్కి తోశాడో ఉంది, ఏ రోజు కోత మానేస్తే కలిసొస్తుందో ఉంది. అది సంఘం మీటింగులో తెర మీద పడితే రేపట్నుంచి ఆ రోజు కోత అందరూ మానేస్తారు. వద్దంటే ఫొటో లేకుండానే రాయండి, అంకెలు రెండు మార్చి రాయండి. సరేనంటే, ఆ కనబడే పేజీ ఏ నెలదో ఆవిడనే ఎంచుకోమనండి.